సమాధానం: 18 మి.మీ. సన్నని శంఖం హాస్టులానా, టెరిబ్రానా?

మీరడిగిన హాస్టులా, టెరిబ్రా రెండూ టెరిబ్రిడే కుటుంబంలోని సన్నని, పొడవాటి సముద్రపు నత్తల ప్రజాతులు. రంగును బట్టి పేరు పెట్టేయకండి, ఎండకు వెలిసిన పెంకులో అది నమ్మదగ్గది కాదు. ముందు నోటి (నత్త బయటికొచ్చే రంధ్రం) అడుగు చూడండి. అక్కడ స్పష్టమైన నొక్కు ఉంటే టెరిబ్రిడే కుటుంబం కావచ్చు. నొక్కు లేకుండా నోరు గుండ్రంగా ఉండి, ఒంటిమీద అడ్డగీతలే ఉంటే టుర్రిటెల్లా అనే వేరే నత్త. నోటి అంచు విరిగిన పెంకులతోనే చిక్కంతా. నొక్కు ఉందో లేదో తేలదు, వాటిని పక్కన పెట్టండి.

తర్వాత పదింతల భూతద్దంతో, వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకుని, చుట్ల మధ్య అతుకుకి కాస్త కింద చూడండి. అతుకుతో పాటే సాగే గాడి ఉంటే టెరిబ్రా, అదే కుటుంబంలోని డుప్లికేరియా లాంటివి. డుప్లికేరియాలో ఆ గాడి లోతుగా ఉండి నిలువు గట్లను కోసేస్తుంది. గాడి లేక, నున్నగా మెరుస్తూ, అతుకు దగ్గర మాత్రమే పొట్టి గట్లుంటే చాలావరకు హాస్టులా. గాడిని కింది చుట్లలోనే వెతకండి, పైవి త్వరగా అరిగిపోతాయి.

మొన చెక్కుచెదరకపోతే పిల్లదశ చుట్లు (నత్త పిల్లగా ఉన్నప్పుడు ఏర్పడినవి, మొన దగ్గరే ఉంటాయి) లెక్కపెట్టండి: జాతి తేల్చడానికి పనికొస్తుంది. శుభ్రానికి మంచినీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. వెనిగర్ వద్దు, సున్నపు పెంకు కరిగి ఆ గాడే పోతుంది. 5 మి.మీ. లోపువైతే, మొన అడ్డంగా తిరిగి ఉందేమో చూడండి. అవి పిరమిడెల్లిడే అనే వేరే కుటుంబానివి కావచ్చు.