సచివాలయాలకు మర్యాద నియమాలు రాస్తున్న మేనకోడలికి

చిత్తూరు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నీ మండలంలోని గ్రామ సచివాలయాల ఉద్యోగులు ప్రజలతో ఎలా నడుచుకోవాలో ఒక నియమావళి రాసి, అందరి చేతా సంతకాలు పెట్టించాలనుకుంటున్నట్టు రాసిన ఉత్తరం, దానితో పాటు పంపిన చిత్తుప్రతి అందాయి. ఎంపీడీవోగా చేరిన కొత్తలోనే ఈ పని తలకెత్తుకున్నందుకు సంతోషం. అయితే నీ చిత్తుప్రతి నిండా ‘వినయముగా మెలగవలెను’, ‘సేవాభావము కలిగియుండవలెను’ వంటి వాక్యాలే ఉన్నాయి. వీటిని కాదనేవారు ఎవరూ ఉండరు, కానీ ఒక ఉద్యోగి వీటిని పాటించాడో లేదో చూసి తేల్చే దారి కూడా లేదు. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళిలో మూడో నియమం విధినిష్ఠ, నిజాయితీ, క్రమశిక్షణ, నిష్పాక్షికత, ఔచిత్యం అన్నింటినీ ఇప్పటికే కోరుతోంది. అదే మాట నువ్వు మళ్లీ రాయడం వల్ల కాగితం ఖర్చు తప్ప మరేమీ ఒరగదు.

కేంద్ర ప్రభుత్వోద్యోగుల నియమావళిలోని 3ఎ నియమాన్ని ఒకసారి చదువు. అది మనవాళ్లకు వర్తించదు గానీ, అమర్యాదగా ప్రవర్తించడాన్ని, కావాలని జాప్యం చేయడాన్ని ఒకే నియమం కింద నిషేధించిన తీరు నాకు నచ్చుతుంది. కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషిని నవ్వుతూ పలకరించి, ‘రేపు రా’ అని మూడుసార్లు తిప్పి పంపడం కూడా అవమానించడమే కదా. అందుకే నీ నియమాలు కంటికి కనిపించే పనుల రూపంలో ఉండాలి. అర్జీదారును కూర్చోబెట్టి మాట్లాడాలి. అర్జీ తీసుకున్న రోజే రసీదు ఇవ్వాలి. పని కాకపోతే ఎందుకు కాదో, తరువాత ఎవరిని కలవాలో కాగితం మీద రాసి సంతకం చేసి ఇవ్వాలి. ఈ చివరిది అన్నింటికంటే కష్టమైనది, ఎందుకంటే నోటితో కాదన్నంత సులభంగా సంతకం పెట్టి కాదనడం ఎవరికీ చేత కాదు.

పిలుపు విషయంలో మొహమాటపడకుండా స్పష్టంగా రాయి. కారు దిగిన కాంట్రాక్టరుకు ‘రండి సార్’, వెనకాలే వచ్చిన అరవై ఏళ్ల ముసలాయనకు ‘ఏం పెద్దోడా, ఏం కావాల నీకు’ అనే అలవాటు మన జిల్లాలో ఇంకా పోలేదు. ఆప్యాయతతోనే అలా అంటున్నామని కొందరు ఉద్యోగులు వాదిస్తారు. ఆ ఆప్యాయత కులాన్ని, బట్టలను చూసి పుడుతున్నంత కాలం ఆ వాదనను ఒప్పుకోవద్దు. వయసు, వేషం, వీధి ఏవైనా, గడప దాటి లోపలికి వచ్చిన ప్రతి ఒక్కరినీ ‘మీరు’ అనాలని ఒక్క వాక్యంలో రాయి, దానికి మినహాయింపులు పెట్టకు.

చదువు రానివారి సంగతి విడిగా రాయాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఆరో సెక్షన్ ప్రకారం, దరఖాస్తు రాసుకోలేని వ్యక్తి నోటితో చెప్పినదాన్ని కాగితం మీద పెట్టడానికి సమాచార అధికారి సాయం చేయాలి, పైగా ఆ సమాచారం ఎందుకని అడగకూడదు. గ్రామస్థాయిలో దరఖాస్తు రుసుము కూడా లేదు. ఈ పద్ధతినే అన్ని అర్జీలకూ వర్తింపజేస్తే ఆఫీసు బయట అర్జీలు రాసిపెట్టేవారికి డబ్బులిచ్చే బాధ కొంత తగ్గుతుంది. కుప్పం, నగరి వైపు తమిళం, పలమనేరు వైపు కన్నడం, పట్టణాల్లో ఉర్దూ మాట్లాడేవారు మన ఆఫీసులకు వస్తూనే ఉంటారు. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ ఇచ్చుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం వారికి ఇచ్చింది కాబట్టి, ‘తెలుగులో రాసుకుని రా’ అనే మాట నీ మండలంలో వినబడకూడదు.

నీ చిత్తుప్రతిలో ప్రజాప్రతినిధుల ఊసే లేదు. మన పంచాయతీల్లో సగం స్థానాలు మహిళలవి, అయినా చాలా ఊళ్లలో మహిళా సర్పంచి కుర్చీలో కూర్చునేది ఆమె భర్తే. కార్యదర్శి ఆయనతో మాట్లాడి, తీర్మానాల పుస్తకాన్ని ఆమె సంతకం కోసం ఇంటికి పంపిస్తే, ఆమెను అవమానించినవారిలో మన ఉద్యోగి కూడా ఉన్నట్టే. సమావేశంలో కుర్చీ ఆమెకే వేయాలి, ఫోను ఆమెకే చేయాలి, సంతకం పంచాయతీ ఆఫీసులోనే తీసుకోవాలి. సర్పంచి ఎస్సీ, ఎస్టీ అయినప్పుడు ఇది మర్యాదతో ఆగే విషయం కాదు. 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం, వారి విధులకు అడ్డుపడడం నేరం.

ఇక నీ గురించి. టెలికాన్ఫరెన్సులో పదిమంది వింటుండగా నువ్వు ఒక కార్యదర్శిని తిడితే, ఆ తిట్టు సాయంత్రంలోగా పింఛను కోసం వచ్చిన ఏ ముసలమ్మ మీదనో పడుతుంది. అటెండరును నువ్వెలా పిలుస్తావో చూసే కింది ఉద్యోగులు జనాన్ని ఎలా పిలవాలో నేర్చుకుంటారు. కాబట్టి మొదటి నియమం అధికారులకే పెట్టు: తప్పును ఆ ఒక్కరికే, తలుపు వేసుకుని చెప్పాలి. ఉద్యోగుల మీద జనం కేకలు వేసిన రోజులూ వస్తాయి. అప్పుడు వాదన పెంచకుండా పై ఉద్యోగి వచ్చి అర్జీదారుతో మాట్లాడాలని కూడా రాయి. గోడకు తగిలించే ‘విధులకు ఆటంకం కలిగిస్తే శిక్ష’ బోర్డు మాత్రం గుమ్మంలో వద్దు. కొన్నిచోట్ల ఇంకా పాత భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ) 353 సెక్షనే రాసి ఉంది, 2024 జులై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 132 అయిందని కూడా ఎవరూ చూసుకోలేదు.

శిక్షల గురించి నువ్వు రాసిన పేరా మొత్తం కొట్టెయ్. దండనలు 1991 నాటి సీసీఏ (ఉద్యోగుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు) నియమాల ప్రకారం, వాటికి అధికారం ఉన్నవారే వేయాలి. మండల సర్క్యులరుతో కొత్త శిక్ష పుట్టించడం కుదరదు, ఎవరైనా పైకి అప్పీలు చేస్తే నువ్వే ఇబ్బందిపడతావు. దానికి బదులు ఫిర్యాదుల పుస్తకం ఒకటి పెట్టి, ఫిర్యాదు ఎవరి మీద వచ్చిందో వారి చేతిలో అది ఉండకుండా చూడు. నెలకొకసారి నువ్వే స్వయంగా చదివి, ఏం చేశావో పక్కన రాయి. సోమవారం కలెక్టరేటుకు అర్జీ పట్టుకుని వచ్చే కుప్పం మనిషి సుమారు వంద కిలోమీటర్లు ప్రయాణం చేస్తున్నాడు. అందులో కొన్ని అర్జీలు ఊళ్లో ఒక రసీదు ఇచ్చి ఉంటే ఇక్కడిదాకా వచ్చేవే కావు.

తిరగరాసిన ప్రతిని సంతకాలకు పంపే ముందు ఇద్దరు అటెండర్లకు, ఇద్దరు పింఛనుదారులకు చదివి వినిపించు. వారికి అర్థం కాని వాక్యం ఏదైనా ఉంటే దాన్ని తీసెయ్. ఆ తరువాత నాకు పంపితే, ఉగాదిలోగా చూసి తిరిగి పంపుతాను.

ఆశీస్సులతో,
మామయ్య