అప్పు చేసి మాంటెనెగ్రో వెళ్లొచ్చా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. విశాఖలో ప్రైవేటు ఉద్యోగం, నెలకు చేతికి రూ.95,000 వస్తుంది. ఇంటి రుణం ఈఎంఐ రూ.28,000, ఇంటి ఖర్చులు రూ.40,000. బ్యాంకులో రూ.60,000 ఉన్నాయి. వచ్చే జూన్‌కు మా పెళ్లయి పదేళ్లు. భార్యను, ఎనిమిదేళ్ల బాబును తీసుకుని ఐరోపాలోని మాంటెనెగ్రో వెళ్లాలని ఉంది. కోటోర్ కోట, తారా నదిలో రాఫ్టింగ్, డుర్మిటోర్ కొండలు, ఓస్ట్రోగ్ మఠం తప్పక చూడాలి. రూ.5 లక్షల పర్సనల్ లోన్ 14 శాతానికి మూడేళ్లకు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఇలాంటి ప్రశ్నల్లో దేశం పేరు మారుతుంది కానీ లెక్క ఎప్పుడూ ఇదే.

మీ ఇంటి నుంచి నెలకు రూ.68,000 బయటికి పోతోంది. దాచుకున్నది రూ.60,000. అంటే జీతం ఒక్క నెల ఆగితే ఇంటి ఈఎంఐకి వెతుక్కోవాలి. అప్పుడు ఇంకో అప్పు, అదీ ఇంకా ఎక్కువ వడ్డీకి! ఆరు నెలల ఖర్చు, రూ.4.08 లక్షలు, ఎఫ్‌డీలోనో లిక్విడ్ ఫండ్‌లోనో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) ఉండాలి. అది లేకుండా విమానం టికెట్ మాట ఎత్తకండి.

ఈ లోన్‌కు ఈఎంఐ దాదాపు రూ.17,100. ఇప్పుడు మిగిలే రూ.27,000 కాస్తా రూ.10,000కు పడిపోతుంది. మూడేళ్లలో వడ్డీయే రూ.1.15 లక్షలు. వీసా రాకపోయినా, బాబుకు జ్వరమొచ్చి ప్రయాణం ఆగినా ఈఎంఐ ఆగదు.

అదే రూ.27,000ను నెలనెలా పక్కన పెట్టండి. పదమూడు నెలల్లో అత్యవసర నిధి నిండుతుంది. ఆ తర్వాత యాత్రకు వేరే ఆర్‌డీ. మొత్తం 32 నెలల్లో రెండూ సమకూరతాయి, లోన్ తీరడానికి పట్టే కాలం కన్నా ముందే. బోనస్ వస్తే ఇంకా త్వరగా. అక్కడ చెల్లేది యూరో కాబట్టి రూపాయి తగ్గితే ఖర్చు పెరుగుతుంది, పది శాతం అదనంగా వేసుకోండి. క్రెడిట్ కార్డు ఈఎంఐ, బంగారం తాకట్టు ఆలోచనలుంటే అవీ వద్దు. పదేళ్ల పండగ వచ్చే జూన్‌లో అరకులో చేసుకోండి.

వెళ్లేటప్పుడు సెప్టెంబరు చూసుకోండి. జులై, ఆగస్టుల్లో తీరమంతా కిటకిటలాడుతుంది, బస ధరలూ ఎక్కువే. మంచు కరిగే ఏప్రిల్, మే నెలల్లో తారా ఉద్ధృతంగా ఉంటుంది, పిల్లాడితో అప్పుడు రాఫ్టింగ్ వద్దు. కోటోర్ కోటకు దాదాపు 1,350 మెట్లు, పొద్దున్నే ఎక్కండి. పాత పట్టణంలో తిరగడానికి, కొండ చరియలో కట్టిన ఓస్ట్రోగ్ మఠానికి టికెట్ లేదు. డబ్బంతా విమానానికి, బసకే పోతుంది.

ప్రయాణ బీమా దగ్గర చాలామంది బోల్తా పడుతున్నారు. ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమి షెంజెన్‌లో మాంటెనెగ్రో లేదు. షెంజెన్ దేశాలకే పరిమితమైన పాలసీ అక్కడ పనికిరాదు. పాలసీలో మాంటెనెగ్రో ఉందో లేదో, రాఫ్టింగ్‌లో దెబ్బ తగిలితే ఇస్తారో లేదో కొనేముందే రాతపూర్వకంగా అడగండి. ఇక్కడి ఆఫీసు ఆరోగ్య బీమా సాధారణంగా విదేశాల్లో చెల్లదు. టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు సొమ్ము వచ్చే జీవిత బీమా) గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు. లేకపోతే ఈ వారమే తీసుకోండి.

విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే టీసీఎస్, అంటే అమ్మేవాళ్లు మన దగ్గర వసూలు చేసే పన్ను, ముందే కట్టాలి. ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు కానీ అప్పటిదాకా ఆ సొమ్ము మీ చేతిలో ఉండదు, బడ్జెట్‌లో దాన్నీ కలుపుకోండి.