చిన్న ద్వీప దేశాలకు సాయం చేస్తే మనకేంటి లాభం?

తిరుపతిలో గ్రూప్స్‌కి చదువుతున్న తమ్ముడు, మాల్దీవుల లాంటి చిన్న దేశాలను భారత్ ఎందుకు పట్టించుకోవాలని అడిగాడు.

తమ్ముడూ, నేలను చూసి చిన్నదనుకోవద్దు. మాల్దీవుల భూమి 300 చదరపు కిలోమీటర్లే. ఆర్థిక హక్కులున్న సముద్రం మాత్రం దాదాపు 9 లక్షల చదరపు కిలోమీటర్లు! లక్షద్వీప్‌లోని మన మినికాయ్ దీవికీ మాల్దీవులకూ మధ్య నుంచి నౌకలు నిత్యం తిరుగుతుంటాయి. స్మగ్లింగ్, అక్రమ చేపల వేట మీద అంత నీటిలో నిఘా పెట్టడం ఆ దేశం ఒక్కదాని వల్ల కాదు. అందుకే అక్కడ మన రాడార్లు, గస్తీ నౌకలు.

కానీ వాళ్లకు భద్రతంటే ముందు బతుకు. 2014 డిసెంబర్‌లో వాళ్ల రాజధాని మాలేలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు కాలిపోయి, నగరమంతా కుళాయిలు ఆగిపోయాయి. మన వాయుసేన విమానాల్లో నీళ్లు చేరవేసింది. మన నౌకాదళ నౌక ఐఎన్ఎస్ సుకన్య రేవులో నిలబడి తన యంత్రాలతో మంచినీళ్లు తయారుచేసి ఇచ్చింది. ఎండాకాలం ట్యాంకర్ కోసం బిందెలు వరస పెట్టే మన చిత్తూరు పల్లెలకు ఆ టెన్షన్ చెప్పక్కర్లేదు. నా దృష్టిలో పది ఒప్పందాలకన్నా ఆ సాయమే గొప్పది.

మన తిరుపతి జిల్లా పాత్రా ఉంది: పొరుగు దేశాల కోసం దక్షిణాసియా ఉపగ్రహాన్ని 2017 మే 5న శ్రీహరికోట నుంచే పంపారు.

అయితే పెత్తనం అనిపిస్తే బంధం చెడుతుంది. మాల్దీవులు కోరడంతో 2024 మే నాటికి అక్కడున్న మన సైనికులు వెనక్కి వచ్చారు, వాళ్ల స్థానంలో సివిలియన్ సాంకేతిక సిబ్బంది వెళ్లారు. ఇలాగే పరీక్షలో పసిఫిక్ ద్వీప దేశాల విషయంలో ఆస్ట్రేలియా పాత్ర గురించి రాయాల్సి వస్తే, వాతావరణ మార్పే అతిపెద్ద ముప్పు అని ఆ ప్రాంత దేశాల నేతలు చెప్పిన 2018 బోయే ప్రకటనను తప్పక ప్రస్తావించు.