అమ్మను మాసాయి మారాకు తీసుకెళ్తున్న మేనల్లుడికి

చిన్నా,

ఆగస్టులో అక్క నైరోబీ వస్తోందని, కెన్యాలోని అడవి జంతువుల పార్కు మాసాయి మారా చూపిస్తానన్నావని విని నాకు చాలా సంతోషమేసింది. నైరోబీలో పదిహేడేళ్ళు ఉన్నవాణ్ణి, మీ అమ్మమ్మను అదే దారిలో తీసుకెళ్ళినవాణ్ణి. అందుకే ఈ ఉత్తరం.

ముందు టీకా సంగతి. కెన్యా నుంచి వెనక్కి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో ఎల్లో ఫీవర్ టీకా కార్డు అడుగుతారు. లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే ఆ కార్డు చెల్లుతుంది. అక్కకు 60 దాటాయి, ఆ వయసులో ఈ టీకా అందరికీ పడదు. తను చూపించుకునే డాక్టరు సరేనన్నాకే హైదరాబాదు నారాయణగూడలో ఈ టీకా వేసే ఐపీఎంకి వెళ్ళమను. మలేరియా మాత్రల గురించి కూడా ఆయన్నే అడగమను. బీపీ, షుగర్ మందులు చేతి సంచిలోనే ఉండాలి.

వద్దన్నా పచ్చళ్ళు తెస్తుంది, తెలుసుగా. ప్లాస్టిక్ కవర్లలో మాత్రం కట్టొద్దని చెప్పు. 2017 నుంచి అక్కడ ప్లాస్టిక్ సంచులు నిషేధం. 2020 నుంచి పార్కుల్లోకి వాడి పారేసే నీళ్ళ సీసాలు కూడా తీసుకెళ్ళనివ్వరు. స్టీలు డబ్బాలు, స్టీలు సీసా తెచ్చుకోమను.

ఇక అసలు మాట. మా అమ్మను తీసుకెళ్ళినప్పుడు నాలుగు డబ్బులు మిగులుతాయని వేరేవాళ్ళతో కలిసి వ్యానులో వెళ్ళాం. మాకు వెనక సీటు దొరికింది. దారిలో నరోక్ అనే ఊరు దాటాక కంకర రోడ్డు, ప్రతి గుంటకూ ఎగిరి పడ్డాం. పొద్దున్నుంచీ అమ్మ గుక్కెడు నీళ్ళు ముట్టలేదు. అడిగితే "దాహం లేదురా" అంది, నేను నమ్మాను. సాయంత్రం లాడ్జి దగ్గర దిగుతూనే కళ్ళు తిరిగి మెట్ల మీద కూలబడింది. పెదాలు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి. ఓఆర్‌ఎస్ కలిపి చెంచాతో పట్టించాం. తేరుకున్నాక మెల్లగా చెప్పింది, "బండి నిండా మగాళ్ళు, మధ్యలో ఆపమని ఎలా అడగనురా?" అని. ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు.

అక్క అచ్చం అమ్మే. ప్రాణం మీదికి వచ్చినా అడగదు. కాబట్టి బండి మీ ఇద్దరికే మాట్లాడుకో, ఖర్చు ఎక్కువైనా సరే. నరోక్‌లో, పార్కు గేటు దగ్గర, దారిలో మంచి బాత్రూమ్ ఎక్కడ కనిపిస్తే అక్కడ "నేను దిగాలి" అని నువ్వే ఆపించు. నువ్వు దిగితే తనూ దిగుతుంది. అప్పుడు ధైర్యంగా నీళ్ళూ తాగుతుంది. పార్కు లోపల ఎక్కడ పడితే అక్కడ దిగనివ్వరు, ఎక్కడ దిగొచ్చో డ్రైవరును ముందే అడుగు. అతనికి "పోలే పోలే" అని చెప్పు, మెల్లగా పోనిస్తాడు. అక్కను డ్రైవరు వెనక సీట్లో కూర్చోబెట్టు, వెనక చక్రాల మీద వద్దు. ల్యాండ్ క్రూజర్ మెట్టు ఎత్తు, తన మోకాళ్ళకు కష్టం. ఒక చెక్క పీట బండిలో పడెయ్యి.

డబ్బు చూసుకోగలిగితే నైరోబీలోని విల్సన్ ఎయిర్‌పోర్టు నుంచి చిన్న విమానంలో వెళ్ళండి, ముప్పావుగంటలో దిగుతారు. మనిషికి 15 కిలోల సామానే, అదీ మెత్తటి సంచుల్లో.

తిండికి బెంగ లేదు. అన్నం, చపాతీ, సుకుమా వికీ అనే ఆకుకూర దొరుకుతాయి. నైరోబీలోనే "మాలా" ప్యాకెట్లు కొను. అది మన పుల్లమజ్జిగలా ఉంటుంది, అమ్మ అన్నంలో కలుపుకుని ఆవకాయ నంజుకుంది.

ఆగస్టు కాబట్టి అందరూ మారా నది ఒడ్డుకు పరిగెడతారు. విల్డబీస్ట్‌లనే అడవి జంతువులు మందలుగా నది దాటడం, మొసళ్ళు వాటిని పట్టుకోవడం చూడాలని ఎండలో గంటల తరబడి కాచుకుంటారు. అక్కను అక్కడ కూర్చోబెట్టకు. అమ్మ ఒకసారి చూసి మొహం తిప్పేసుకుంది. అదే అమ్మ, ఒక ఏనుగు తన పిల్లను కాళ్ళ మధ్య పెట్టుకుని దారికి అడ్డంగా నిలబడితే, ఇంజన్ ఆపించి అరగంట కన్నార్పకుండా చూసింది. పిల్ల తొండంతో దుమ్ము పీల్చి తన మీదే చల్లుకుంటుంటే అమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టబోయి, భయపెడతానేమోనని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అక్క ఎక్కడ ఆగితే నువ్వూ అక్కడే ఆగు. సింహం కనబడిందని డ్రైవర్ల రేడియోలో చెప్పినా సరే.

తెల్లవారి ఆరుకే బయల్దేరతారు, బండి పైకప్పు తెరిస్తే చలి కోసేస్తుంది. అమ్మ అప్పుడు కప్పుకున్న ఊలు శాలువా నా దగ్గరే ఉంది. ఉతికించి అక్క చేతికి ఇచ్చి పంపుతున్నాను.

ఆశీస్సులతో,
మావయ్య