చిన్నప్పటి టీవీ గేము క్యాసెట్టులోని బెలూన్ల ఆట ఎవరు చేశారు? ఆ సంస్థ ఇంకా ఉందా?

ఉంది, ఇప్పటికీ ఆటలు చేస్తూనే ఉంది. పేరు హాల్ లేబొరేటరీ, జపాన్ సంస్థ. విమానాలు చేసే మన హెచ్‌ఏఎల్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు. ఇంగ్లీషు అక్షరమాలలో ఐ, బి, ఎం లకు ఒక్కొక్క అక్షరం ముందు ఏముందో చూడండి: హెచ్, ఎ, ఎల్. ఐబీఎం కన్నా ఒక అడుగు ముందుంటామని పెట్టుకున్న పేరు అది.

మీరు అడిగిన ఆట బెలూన్ ఫైట్. మా ఇంటికి తొంభైల చివర్లో, ఒక వేసవి సెలవుల్లో వచ్చింది. క్యాసెట్టు మీద 9999 ఆటలని రాసి ఉండేది. లెక్కపెడితే ఇరవయ్యో ముప్పయ్యో తేలేవి, మిగతావన్నీ వాటికే మారుపేర్లు. నేనూ అన్నయ్యా కలిసి ఆడేవాళ్లం. కలిసి అనడం మాటవరసకే. ఒకరి బెలూన్లు ఒకరం పగలగొట్టుకోవడం, నీళ్ల దగ్గరికి జారినవాణ్ణి చేప వచ్చి మింగడం, ఆపైన అమ్మ దగ్గర పంచాయితీ. ఆటలో ఎక్కడా హాల్ పేరు కనిపించదు, ఉంటే గింటే దాన్ని అమ్మిన జపాన్ ఆటల సంస్థ నింటెండో పేరే ఉంటుంది. మీకు జవాబు దొరకకపోవడానికి అదే కారణం. ఎఫ్-1 రేస్ అనే కార్ల ఆట గుర్తుందా? అదీ వీళ్లదే.

ఇంజనీరింగ్ మూడో ఏట ఇలాంటి ఆటే సొంతంగా రాద్దామని కూర్చున్నాను. బొమ్మ ఎగిరింది గానీ మెట్లు ఎక్కుతున్నట్టు కుదుపులతో ఎగిరింది. ఎందుకో చాలా ఏళ్ల తర్వాత, బెలూన్ ఫైట్ ప్రోగ్రామ్ రాసిన సటోరు ఇవాటా సంభాషణ ఒకటి చదివినప్పుడు తెలిసింది. తెర మీద సగం పిక్సెల్ (బొమ్మను కూర్చే చుక్క) అనేది ఉండదు కదా అని బొమ్మ స్థానాన్ని నేను పూర్ణసంఖ్యల్లోనే లెక్కగట్టాను. ఆయన లోపల దశాంశాలతో లెక్క నడిపి, తెర మీద చూపేటప్పుడు మాత్రమే పూర్ణసంఖ్య చేశారు. గాలిలో తేలుతున్నట్టుండే ఆ జారుడు అక్కడి నుంచి వచ్చింది. ఇదే ఆటను నాణెం వేసి ఆడే పెద్ద ఆర్కేడ్ యంత్రాలకు రాసిన మరో బృందానికి అంత నునుపు రాలేదట. ఆ బృందంలోని తోషిహికో నకాగో వచ్చి కిటుకు అడిగి నేర్చుకుని, తర్వాత సూపర్ మారియోలో నీటి అడుగు ఘట్టాలకు వాడుకున్నారు. మారియో ఈత వెనుక ఈ బెలూన్లు ఉన్నాయన్నమాట.

సంస్థ పుట్టింది 1980లో. టోక్యోలోని ఇకెబుకురోలో ఒక పెద్ద దుకాణం కంప్యూటర్ల విభాగం చుట్టూ తిరిగే కుర్రాళ్లు కొందరు, అకిహబారాలో ఒక అపార్టుమెంటు గది అద్దెకు తీసుకుని మొదలుపెట్టారు. ఇవాటా అప్పటికి విద్యార్థి, అక్కడ పార్ట్ టైమ్ పని. 1982లో చదువు అయ్యాక అందులోనే ఉద్యోగంలో చేరిపోయారు. తండ్రి మురోరాన్ నగర మేయర్, ఆరు నెలల పాటు కొడుకుతో మాట్లాడలేదు. మన ఇళ్లలో అయితే మాట్లాడకుండా ఊరుకునేవారు కాదు, అదొక్కటే తేడా.

1992లో సంస్థ దాదాపు మునిగిపోయింది. యమనాషిలో కట్టిన కొత్త కార్యాలయం ఖర్చు ఒకవైపు, అమ్ముడుపోని ఆటలు మరోవైపు, అప్పు 150 కోట్ల యెన్లు. నింటెండో అధిపతి హిరోషి యమౌచి సాయం చేస్తానన్నారు, ఇవాటాను అధ్యక్షుడిగా కూర్చోబెడితేనే అన్నారు. 1993లో, 33 ఏళ్ల వయసులో ఆయన ఆ కుర్చీ ఎక్కి, ముందుగా ఉద్యోగులందరితో విడివిడిగా మాట్లాడారు. అప్పు తీరడానికి ఆరేళ్లు పట్టింది.

తమాషా ఏమిటంటే, మునిగిన ఆ ఏడాదే సంస్థను నిలబెట్టే బొమ్మ కూడా బయటికి వచ్చింది. మసాహిరో సకురాయ్ అనే కుర్రవాడు, ఆటలు ఆడటం చేతకానివాళ్లు కూడా చివరిదాకా వెళ్లగలిగే ఆట కావాలని పథకం రాశాడు. అసలు పాత్ర సిద్ధమయ్యేవరకు పని నడవడానికని గుండ్రటి ముద్ద ఒకటి గీసి పెట్టాడు. ఆ ముద్దే బాగుందని అలాగే ఉంచేశారు. అదే కిర్బీ.

నాకు మాత్రం మదర్ 2 అనే ఆట తయారైన కథ ఎక్కువ ఇష్టం. నాలుగేళ్లుగా తెమలని ఆటను చూసి ఇవాటా, ఉన్నదాన్నే సరిచేస్తే రెండేళ్లు, మొదటి నుంచి రాస్తే ఆరు నెలలు పడుతుందన్నారు. నా ఉద్యోగంలో ఈ మాట అన్న ప్రతివాడూ, నాతో సహా, ఆరు నెలలని చెప్పి రెండేళ్లు లాగినవాడే. ఆయన మాత్రం ముందుగా మిగతావాళ్లు పని చేసుకోవడానికి కావలసిన పనిముట్లు రాసిచ్చి, తర్వాత ఆట మీద పడ్డారు. 1994లో అది విడుదలైంది. పోకెమాన్ పోరాటాల ప్రోగ్రామును చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ నుంచి టీవీకి తగిలించే నింటెండో 64కు వారం రోజుల్లో మార్చిందీ ఆయనే, అదీ హాల్ అధ్యక్షుడిగా ఉంటూ, వేరే సంస్థ ఆట కోసం. సకురాయ్‌తో కలిసి వారాంతాల్లో మొదలుపెట్టిన పోరాటాల ఆట 1999లో స్మాష్ బ్రదర్స్‌గా వచ్చింది.

2000లో ఇవాటా నింటెండోకు వెళ్లారు. 2002లో యమౌచి కుటుంబం బయటి నుంచి దాని అధ్యక్షుడైన మొదటి వ్యక్తి అయ్యారు. 2015లో 55 ఏళ్లకే పోయారు. సకురాయ్ 2003లోనే హాల్ వదిలాడు. సంస్థ మాత్రం కిర్బీని పట్టుకుని నడుస్తోంది, 2022లో వచ్చిన కిర్బీ అండ్ ది ఫర్గాటెన్ ల్యాండ్ నాకైతే బాగా నచ్చింది.

ఆ పాత క్యాసెట్టు మీ దగ్గర ఇంకా ఉంటే అందులో గోల్ఫ్ అనే ఆట ఉందేమో వెతకండి. 1984 నాటి ఆ ఆట ప్రోగ్రామూ ఇవాటా రాసిందే. మాకు గోల్ఫ్ అంటే ఏమిటో తెలియదు కాబట్టి, పొరపాటున అది తెరుచుకుంటే వెంటనే రీసెట్ నొక్కేవాళ్లం.