బాయిలర్ గది మోడల్ చేస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

గేమ్ కోసం నువ్వు 3డీలో చేసి పంపిన బాయిలర్ గది ఫైలు తెరిచి, అందులో అటూ ఇటూ తిరిగి చూశాను. గోడ మీది రేకులకు ఒక్కో బోల్టూ విడిగా మోడల్ చేశావు. ఆ ఓపికను మెచ్చుకోవాల్సిందే. కానీ తలెత్తి చూస్తే పైకప్పు కింద పోయే పెద్ద పైపు ఆరు పలకల పెన్సిల్‌లా కనిపిస్తోంది. ట్రయాంగిల్స్‌ని (3డీ ఆకారాన్ని కట్టే చిన్న త్రికోణాలు) అక్కర్లేని చోట ధారపోసి, కావాల్సిన చోట పిసినారితనం చేశావన్నమాట.

లో పాలీ, అంటే తక్కువ ట్రయాంగిల్స్‌తో మోడల్ చేయడం, అన్నిట్లోనూ సమానంగా కోత పెట్టడం కాదు. వెనకున్న వెలుతురు మీదో వేరే రంగు గోడ మీదో ఒక వస్తువు అంచు స్పష్టంగా కనబడుతుంటే, అక్కడ జామెట్రీ (ట్రయాంగిల్స్‌తో కట్టిన అసలు ఆకారం) ఇవ్వాలి. బోల్టులు, వెల్డింగ్ గీతలు, రేకు అతుకులు లాంటివి నార్మల్ మ్యాప్‌కి (చదునైన చోట ఎత్తుపల్లాలు ఉన్నట్టు చూపించే బొమ్మ) వదిలెయ్. చేతికందే ఎత్తులో ఉన్న లావు పైపుకి 16 పలకలివ్వు. దూరంగా పైన ఉన్నదానికి 8 చాలు. 16 పలకలిచ్చినా వంపు లేని ముక్కకయ్యేది 32 ట్రయాంగిల్సే, కాబట్టి భయపడకు. వంపు లేని పైపుని మధ్యలో ఊరికే కోయొద్దు, కోతలన్నీ వంపుల దగ్గరే ఉండాలి.

ట్రయాంగిల్స్ లెక్క ఒక్కటే చూసి టెన్షన్ పడటం కూడా మానుకో. మామూలు పెట్టె తీసుకుని చూడు. మూలలు 8, ట్రయాంగిల్స్ 12. అంచులన్నీ హార్డ్‌గా (పదునైన మలుపులా) పెడితే ప్రతి మూలా మూడుగా చీలి, గ్రాఫిక్స్ కార్డుకి చేరేది 24 వెర్టెక్సులు (మూల బిందువులు). అదే పెట్టెకి ఒక వరస బెవెల్ ఇచ్చి (అంటే అంచుల్ని కొద్దిగా చెక్కి), అంచులు స్మూత్ చేసి, వెయిటెడ్ నార్మల్స్ (వెలుతురు లెక్కలో పెద్ద పలకలకు ఎక్కువ ప్రాధాన్యమిచ్చే పద్ధతి) పెట్టు. ట్రయాంగిల్స్ 44 అవుతాయి, వెర్టెక్సులు మాత్రం అవే 24. అంచు మీద సన్నటి మెరుపు పడి ఇనుము ఇనుములా కనిపిస్తుంది. యువి అతుకులు (టెక్స్చర్, అంటే పైన అతికించే బొమ్మ, కోసం మోడల్‌ని విప్పి పరిచేటప్పుడు కోసిన చోట్లు) కూడా వెర్టెక్సుల్ని ఇలాగే చీలుస్తాయి. అందుకే ఎక్కడైనా హార్డ్ అంచు ఉంచాల్సి వస్తే, యువి అతుకు కూడా అక్కడే వేసుకో. నార్మల్ మ్యాప్ బేక్ చేసేటప్పుడు (వివరంగా చేసిన మోడల్ నుంచి ఆ బొమ్మ తయారు చేసేటప్పుడు) అంచు వెంబడి గీతలు కూడా రావు.

కొలతల విషయంలో రాజీ వద్దు. గేమ్ ఇంజిన్లలో చూస్తే, అన్‌రియల్‌లో ఒక యూనిట్ అంటే సెంటీమీటరు, యూనిటీలో మీటరు. గోడ ముక్కలన్నీ 4 మీటర్ల వెడల్పుతో చేసి, పివట్ (ముక్కని జరపడానికి, తిప్పడానికి ఆధారమైన బిందువు) కింది మూలలో పెట్టు, గ్రిడ్‌కి చక్కగా అతుక్కుంటాయి. మీటరుకి 512 పిక్సెళ్లు అనుకుంటే 2048 టెక్స్చర్ సరిగ్గా 4 మీటర్లు కప్పుతుంది. ఈ లెక్క గది మొత్తం ఒకేలా ఉండాలి. నీ ఫైల్లో వాల్వు చక్రం మీద తుప్పు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంటే, దాని పక్క గోడ మసకగా ఉంది. చూసేవాళ్లకి తేడా ఎక్కడుందో తెలియకపోయినా, కంటికి అక్కడ ఇబ్బందిగానే ఉంటుంది.

ఇక ట్రిమ్ షీట్, అంటే చాలా వస్తువులకు పనికొచ్చే పట్టీలన్నీ ఒకే చోట ఉన్న టెక్స్చర్. ఇలాంటి గదిని మోసేది ఇదే, అందుకే దీని మీద ఎక్కువ సమయం పెట్టు. ఒకే 2048 షీటుని అడ్డ పట్టీలుగా విడగొట్టుకో: దూలం అంచు, రివెట్ల వరస, పసుపు నలుపు హెచ్చరిక చారలు, కేబుల్ ట్రే, చెకర్ ప్లేటు. 256 పిక్సెళ్ల పట్టీ అంటే మన లెక్కలో అర మీటరు. మోడల్ చేశాక పట్టీ వెతుక్కోవడం కాదు, పట్టీ వెడల్పుని బట్టే దూలం కొలత పెట్టుకోవాలి. పట్టీల మధ్య కొన్ని పిక్సెళ్ల ఖాళీలోకి కూడా పక్క రంగునే సాగదీసి ఉంచు, లేకపోతే దూరం వెళ్లేకొద్దీ మిప్‌మ్యాపుల్లో (దూరానికి వాడే చిన్న సైజు టెక్స్చర్ కాపీల్లో) ఒక పట్టీ రంగు ఇంకోదానిలోకి కారుతుంది. గదిలో సగానికి పైగా ఇదే మెటీరియల్ మీద నడిస్తే డ్రా కాల్స్ (గీయమని గ్రాఫిక్స్ కార్డుకి పంపే ఆదేశాలు) కూడా అదుపులో ఉంటాయి.

మెటాలిక్ మ్యాప్ (ఏ చోటు లోహమో చెప్పే బొమ్మ) ఒకసారి సరిచూసుకో. తుప్పు లోహం కాదు, పెయింటూ లోహం కాదు. రెండిటికీ విలువ సున్నా. పెయింటు గీసుకుపోయి ఇనుము బయటపడ్డ చోటే 1. రఫ్‌నెస్ (గరుకుదనం), మెటాలిక్, నార్మల్ మ్యాపులకి ఎస్ఆర్‌జీబీ (రంగుల బొమ్మలకు వాడే సెట్టింగ్) టిక్ తీసెయ్. బోల్టులు పొడుచుకు రావాల్సింది పోయి లోపలికి నొక్కుకుపోయినట్టుంటే నార్మల్ మ్యాప్‌లో గ్రీన్ చానల్ (ఆకుపచ్చ రంగు భాగం) తిప్పు. మోడలింగ్ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో, యూనిటీలో అది ఒక దిక్కు, అన్‌రియల్‌లో దానికి వ్యతిరేకం.

జాలీ ప్లాట్‌ఫారానికి నువ్వు పారదర్శక మెటీరియల్ వాడావు. మాస్క్‌డ్‌కి (ఒక్కో పిక్సెల్ పూర్తిగా కనిపించడమో, అసలు కనిపించకపోవడమో) మార్చు. జాలీల మీద జాలీలు పడ్డప్పుడు ఒకే పిక్సెల్‌ని పదే పదే గీయడం తగ్గుతుంది, ముందూ వెనకల గందరగోళమూ పోతుంది.

మరకలు వేసే ముందు ఆ గదిలో ఏం పని జరుగుతుందో ఆలోచించు. నీ పైపుల్లో రెండు గోడలోంచి వచ్చి ఎక్కడికీ పోకుండా ఆగిపోయాయి. నీళ్లు ఎటునుంచి వస్తాయి, ఆవిరి ఎటు పోతుంది అన్నది కాగితం మీద గీసుకో. అప్పుడు నూనె మరక పంపు కిందే పడుతుంది, తుప్పు చార జాయింట్ నుంచే కిందికి జారుతుంది, మెట్ల అంచున పెయింటు బూట్లు తగిలే చోటే అరుగుతుంది. వీటికి కొత్త టెక్స్చర్లు అక్కర్లేదు. కొన్ని డెకాల్స్ (పైన అతికించే మరక బొమ్మలు), గోడ కింది భాగానికి వెర్టెక్స్ కలర్‌తో (వెర్టెక్సులకు వేసే రంగుతో) కలిపిన మురికి చాలు.

ఇప్పుడు గది మొత్తం పక్కన పెట్టి, రెండు స్తంభాల మధ్య ముక్క ఒక్కటే తీసుకో. టెక్స్చర్లు, లైట్లు, కొలిజన్‌తో (ఆటగాడు తగిలితే ఆపే హద్దులతో) సహా పూర్తి చేసి, గేమ్ ఇంజిన్‌లో నిలబడ్డ మనిషి కంటి ఎత్తు నుంచి చూడు. నచ్చితే ఆ ముక్క నాకు పంపు. పైపుల గీత కూడా ఫొటో తీసి జత చెయ్.

నీ అన్నయ్య