ముందు కంచె, ఆ తర్వాతే తేనెపెట్టెలు

అడవి అంచున ఇల్లు కట్టుకుంటున్నామని, షెడ్డు పని సాగుతుండగానే తేనెపెట్టెలు తెచ్చుకోవచ్చా అని, ఎలుగుబంట్లు తిరిగే చోట వాటిని ఎలా కాపాడుకోవాలని అడిగారు. తప్పకుండా పెంచండి. కానీ కంచె వేసి, అందులో కరెంటు సరిగా ఉందని చూసుకున్నాకే పెట్టెలు తెండి. నేను ఈ వరుస తప్పాను.

మేము మొదట షెడ్డు వేశాం, తర్వాత కోళ్ల గూడు కట్టాం. రెండు పెట్టెలు తెచ్చి షెడ్డు వెనక పెట్టి, కంచె సంగతి వచ్చే నెల చూద్దామనుకున్నాం. మూడో వారంలో ఒక పొద్దున వెళ్లేసరికి ఒక పెట్టె మూత 10 అడుగుల అవతల పడి ఉంది. ఈగలు పట్టు కట్టే చెక్క చట్రాలన్నీ గడ్డిలో ఉన్నాయి. అంచుల్లో కొంత తేనె అలాగే మిగిలింది. మధ్యలో తెల్లటి పిల్లపురుగులుండే భాగం మాత్రం కట్టె కనిపించేదాకా నాకేసి ఉంది. ఎలుగుకు తేనెతో పాటు ఆ పురుగుల్లోని మాంసకృత్తులూ కావాలి. బతికిన ఈగలు పిడికెడంత ముద్దగా ఒక విరిగిన చట్రం కింద చేరాయి. ఎంత వెతికినా రాణి కనిపించలేదు.

రుచి మరిగిన ఎలుగు మళ్లీ వస్తుంది. అందుకే రెండో పెట్టెను ఆ రాత్రే 5 కిలోమీటర్ల అవతలి తోటకు తరలించాం. పక్కకు కొన్ని మీటర్లు జరిపి ఉంటే మేతకు వెళ్లిన ఈగలు పాత చోటికే వచ్చి తిరిగేవి.

ఇక కంచె. ఇంటి కరెంటును నేరుగా తీగకు ఎప్పుడూ కలపకండి, మనుషుల ప్రాణాలు పోతాయి. కంచె కోసమే తయారైన, క్షణక్షణానికి చిన్న షాక్ పంపే యంత్రం వాడాలి. మాది అయిదు తీగల కంచె. కింది తీగ నేలకు 20 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. ఎలుగు బొచ్చు దట్టం కాబట్టి తీగ దాని ముక్కుకో నాలుకకో తగలాలి. తీగలకు గడ్డి తగిలితే షాక్ బలం తగ్గిపోతుంది. వారానికోసారి టెస్టర్‌తో చూస్తాను. 5,000 వోల్టులకు తగ్గితే మొదట గడ్డి కోస్తాను.

పెట్టెలను షెడ్డు గోడకు ఆనించవద్దు. సుత్తి దెబ్బల అదురుకు ఈగలు రేగుతాయి. పెట్టెలు మీరే చేసుకుంటే చట్రాల మధ్య 6 నుంచి 9 మిల్లీమీటర్ల సందు వదలండి. అంతకు మించితే ఈగలు అక్కడా మైనంతో పట్టు కట్టేస్తాయి, మరీ తగ్గితే జిగురుతో మూసేస్తాయి. 1851లో అమెరికాలో తేనెటీగలు పెంచిన లాంగ్‌స్ట్రాత్ ఈ సందు విలువ గుర్తించినందువల్లే మనం ఈరోజు పట్టు తెగకుండా చట్రం పైకి తీయగలుగుతున్నాం. రంగు బయటివైపే వేయండి.

మీ నేల రాతిదా, మట్టిదా చెప్పండి. పొడినేలలో ఎర్తింగ్ సరిగా అందదు, అప్పుడు తీగల అమరిక మార్చాలి.